లెక్కకు రానివారు: మహమ్మారి వేళ ప్రజారోగ్య విద్యాలయముల కర్తవ్యము

డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారి స్మృతికి అంకితమై మణికొండలో జరుగుచున్న ఈ ఉపన్యాసమునకు ప్రజారోగ్య విద్యాలయములను విషయముగ గైకొనుట కొందరికి వింతగ తోపవచ్చును. ఏలయన, ఆ మహనీయుడు లోకమునకు జీవరసాయన శాస్త్రజ్ఞుడుగను, దివ్యౌషధముల నిర్మాతగను పరిచితుడే గాని, వీధులు తిరిగి జ్వరముల లెక్క వ్రాసికొనిన ఆరోగ్యాధికారిగ కాదు. ఐనను 1895లో భీమవరమున జన్మించి, సోదరులను స్ప్రూ అను ఉష్ణమండల వ్యాధికి కోల్పోయి, మదరాసు వైద్యకళాశాలలో ఖద్దరు ధరించినందున ఆచార్యుని ఆగ్రహమునకు గురియై, పూర్ణపట్టమునకు బదులు ఎల్.ఎం.ఎస్. యోగ్యతాపత్రముతో తృప్తిపడవలసివచ్చిన ఆ యువకుడు, 1920ల ఆరంభమున సముద్రములు దాటి బోస్టను నగరము చేరినపుడు మొదట ప్రవేశించినది హార్వర్డు ఉష్ణమండల వైద్య విద్యాలయము. ఆ విద్యాలయమునకు అధిపతి రిచర్డు స్ట్రాంగు. 1911లో మంచూరియాలో శ్వాసకోశ ప్లేగు విజృంభించి, సోకినవారు సోకినట్లే రాలిపోవుచున్న దినములలో, గడ్డకట్టు చలిలో ముక్డెను నగరమునకు బోయి ఆ శవములను పరీక్షించి వచ్చిన వైద్యుడు. మన సుబ్బారావుగారి అమెరికా చదువు మహమ్మారిని కంటితో జూచిన అట్టి గురువు నీడలో మొదలయ్యెను. రాత్రివేళ ఆసుపత్రిలో కూలిపని చేసికొనుచు డిప్లొమా సంపాదించిన పిదపనే ఆయన జీవరసాయన శాస్త్రమువైపు మరలెను.

ఆయన నాయకత్వమున లెడర్లీ ప్రయోగశాలల నుండి వెలువడిన ఔషధములలో 1947లో లోకమునకు తెలిసిన డైఇథైల్ కార్బమజైన్ ఒకటి. ఆరోగ్య కార్యకర్తలు దానిని డి.ఇ.సి. మాత్ర యందురు, బోదకాలునకు కారణమైన పురుగును అణచునది అదియే. గోదావరి సీమలో పుట్టినవాని నాయకత్వమున వెలువడిన ఆ మాత్ర, ఆయన గతించిన అర్ధశతాబ్దమునకు పైబడి, 2004 నుండి జాతీయ కార్యక్రమముగ బోదకాలు గల జిల్లాలలో ఇంటింట పంచబడుచు వచ్చినది. ఈ పంపకమును ఒక్కమారు దగ్గరగ నిలిచి చూడుడు. ఆశా కార్యకర్త గడపయొద్ద నిలిచి ఇంటిలోని వారందరి పేర్లు, వయస్సులు అడుగును. వయస్సును బట్టి మాత్రల సంఖ్య మారును. రెండేండ్లలోపు పసివారికి, గర్భిణులకు, తీవ్రముగ జబ్బుపడినవారికి ఈయరాదు. పరగడుపున మింగరాదు గనుక, అన్నము తిన్నారా యని అడుగవలెను. "ఆడ పెట్టి పో అక్కా, తిన్నంక వేసుకుంటం" అని లోపలినుండి సమాధానము వచ్చును. పెట్టిపోయిన మాత్ర గూటిలో నిలిచిపోవును. కావున ఆమె నిలువవలెను, నీళ్లు తెప్పించవలెను, తన యెదుటనే మింగించవలెను, మింగినవారి పేరుకెదురుగ గుర్తు పెట్టుకొనవలెను, లేనివారి కొరకు మరల రావలెను. ప్రయోగశాల మాత్ర నిచ్చినది. దానిని ఊరిచేత మింగించు విద్య వేరొకటి కలదు. ఎవరు మింగిరి, ఎవరు మింగలేదు, అసలు ఎవరి పేరు ఆ పుస్తకమునకే ఎక్కలేదు అను మూడు ప్రశ్నలు ఆ విద్యకు ఆయువుపట్టు. మూడవ ప్రశ్న అన్నిటికంటె కఠినమైనది. మహమ్మారి వేళ ప్రాణములు పోవునది అక్కడనే. ప్రజారోగ్య విద్యాలయము ఆ మూడవ ప్రశ్నను నేర్పు పాఠశాల యని నేను భావించుచున్నాను. నేటి నా ఉపన్యాసమునకు అదియే పునాది.

ఈ విద్య చరిత్రలో మన హైదరాబాదు నగరమునకు చెప్పుకొనదగినదియు, చింతింపదగినదియు నగు ఒక స్థానము కలదు. 1897 ఆగస్టు 20వ తేదీన, సికిందరాబాదు దండు ప్రాంతమగు బేగంపేటలో, సైనిక వైద్యుడైన రోనాల్డు రాసు, హుస్సేన్ ఖాన్ అను మలేరియా రోగిని కుట్టిన దోమను కోసి, దాని జఠరకుడ్యమున మలేరియా పరాన్నజీవిని దర్శించెను. కుట్టిన దోమకు ఒక అణా చొప్పున ఆ రోగికి ముట్టెనని చరిత్ర చెప్పుచున్నది. మానవాళికి మహోపకారమైన ఈ సత్యము మన నేలపై వెల్లడియయ్యెను; కాని ఆ సత్యమును బోధించు విద్యాలయము మాత్రము మన నేలపై వెలయలేదు. నౌకావర్తకుల ధనముతో 1898లో స్థాపితమైన లివర్‌పూలు ఉష్ణమండల వైద్య విద్యాలయమున 1899లో రాసు అధ్యాపకుడాయెను. ఆ సంవత్సరమే లండనులో అట్టి విద్యాలయము మరియొకటి తెరవబడెను. 1902లో నోబెలు బహుమతి పొందిన రాసు, తన ఆవిష్కారముతో తృప్తినొందక, దోమల నిర్మూలనకు దళములను ఎట్లు కూర్చవలెనో, ఏ కుంటను ఎవరు ఏ దినమున చూడవలెనో వివరించుచు గ్రంథము వ్రాసెను. సూక్ష్మదర్శినికిని వీధిలోని మురికికుంటకును నడుమ దారి వేయుటయే ఆ గ్రంథ ప్రయోజనము. ఆ దారిని నేర్చుకొనుటకు వలసరాజ్యముల వైద్యులు ఇంగ్లండునకు పోవలసివచ్చెను. భారతదేశమున అఖిల భారత ఆరోగ్య, ప్రజారోగ్య సంస్థ కలకత్తాలో 1932లో గాని ఆరంభము కాలేదు. దానికిని రాక్‌ఫెల్లరు సంస్థ ధనసాహాయ్యము కావలసివచ్చెను.

ఈలోగా హైదరాబాదు ఏమి చేసినది? చేతులు ముడిచికొని కూర్చుండలేదు. 1908 సెప్టెంబరు 28న మూసీ వరద వేలకొలది ప్రజలను పొట్టనబెట్టుకొనెను. 1911లో ప్లేగు వచ్చెను. 1912లో నగరాభివృద్ధి మండలి ఏర్పడి ఇరుకు వాడలను విప్పి, వీధులు వెడల్పుచేసి, కాలువలు త్రవ్వించెను. మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి సూచనలకు అనుగుణముగ, నేటి మన మణికొండకు దగ్గరనే, మనము గండిపేట యని పిలుచుకొను ఉస్మాన్‌సాగరు 1920 నాటికి నిర్మాణమాయెను. వరదకు అడ్డుకట్టయు నగరమునకు త్రాగునీరును ఒక్క పనితో సమకూర్చిన ఆ బుద్ధికుశలతకు నేను శిరసు వంచుచున్నాను. కలరాను వైద్యులకంటె ఎక్కువగ అణచినది ఈ ఇంజనీర్ల చేయి యనుట అతిశయోక్తి కాదు. ఐనను ఇంజనీరు కాలువ పొడవును కొలుచును గాని, కాలువ కీవలి వాడలో ఎందరు చచ్చిరి, ఆవలి వాడలో ఎందరు బ్రదికిరి, ఏల అను లెక్క అతని వృత్తిలోనిది కాదు. ఆ లెక్కను వృత్తిగ గలవారిని తయారుచేయు ప్రయత్నము ఆనాడు జరుగలేదు. వ్యాధిగ్రస్తులను వేరుపరచు చికిత్సాలయము ఏర్పడెను. నల్లకుంటలోని ఫీవరు ఆసుపత్రిని, రాసు పేరు పెట్టిన తరువాతను, జనులు కోరంటి దవాఖాన యనియే పిలుచుచున్నారు. అంటువ్యాధి వచ్చినవానికి పడక దొరకెను. రానివానిని గూర్చి అడుగువాడు లేకపోయెను.

ఇక మణికొండకు వత్తము. జాగీరు గ్రామముగ నుండి, 2018లో పురపాలక సంఘమై, ఒకవైపు ఖాజాగూడ, నానక్‌రాంగూడలను, మరియొకవైపు పుప్పాలగూడ, నార్సింగిలను ఒరసికొని పెరిగిన ఈ స్థలమును చూచు కన్నులకు మొదట కనబడునవి అంతస్తుల మీద అంతస్తులు. ఆ అంతస్తులలో నివసించువారి పేర్లు సంఘముల పుస్తకములలో ఉన్నవి. కాని ఇరుకు సందులలోని పి.జి. హాస్టళ్లలో గదికి ముగ్గురు నలుగురు చొప్పున నుండి, గచ్చిబౌలి, మాధాపురము ఆఫీసులకు పోవు యువకుల పేర్లు ఎచట నున్నవి? వారి ఓటు కాకినాడలోనో కరీంనగరులోనో ఉండును. ఆధారు చిరునామా తల్లిదండ్రుల ఇంటిది. రేషను కార్డు అచటిదే. పునాదులు త్రవ్వుచున్న స్థలముల ప్రక్క రేకుల షెడ్లలో నుండు ఒడిశా, బీహారు, ఝార్ఖండు కూలీల పేర్లు గుత్తేదారుని మేస్త్రీకి తప్ప అన్యులకు తెలియవు. భవనము పూర్తికాగానే షెడ్లును లేవు, వారును లేరు. 2021లో జరుగవలసిన జనగణన మహమ్మారి వలన ఆగిపోయెను గనుక, 2011 నాటి లెక్కతోనే ఈ ఊరిని ఊహించుకొనుచు వచ్చితిమి. లక్షల జీతము పుచ్చుకొను యువకుడును, దినకూలి పుచ్చుకొను శ్రామికుడును, తక్కిన అన్నిటిలో భిన్నులైనను, ఆరోగ్యశాఖ పుస్తకమున కానరాకుండుటలో సమానులు. ఈ సామ్యమును గమనింపని ప్రజారోగ్య విద్య హైదరాబాదు పడమటి ఐ.టి. శివారగు సైబరాబాదునకు పనికిరాదు.

2020 మార్చి 2వ తేదీన తెలంగాణలో తొలి కరోనా రోగి గుర్తింపబడెను. ఆ యువకుడు బెంగుళూరులో పనిచేయు సాఫ్ట్‌వేరు ఇంజనీరు. దుబాయి నుండి తిరిగివచ్చి, బెంగుళూరు నుండి బస్సులో హైదరాబాదు చేరెను. ఆ బస్సులో ఎవరెవరు కూర్చుండిరి, దిగి ఎచటికి బోయిరి అని వెదకుటతో మన రాష్ట్రమున ఆ మహమ్మారి చరిత్ర ఆరంభమాయెను. తరువాతి కథ మీరెరిగినదే. ఆఫీసుల దీపములు ఆరిపోయెను. గచ్చిబౌలిలో క్రీడల కొరకు కట్టిన పదునాలుగు అంతస్తుల భవనము కొన్ని వారములలో 1,500 పడకల వైద్యశాలగ మార్పు చెందెను. ఆ వేగమును ఎవరైనను మెచ్చుకొనవలసినదే. అదే సమయమున, ఏప్రిలు 29న, సంగారెడ్డి జిల్లా కంది వద్ద ఐ.ఐ.టి. భవనములు కట్టుచున్న కూలీలు, జీతములు లేక, ఊరికి పోవు దారి లేక, రోడ్డు మీదికి వచ్చిరి. మే 1వ తేదీ తెల్లవారుజామున, మనకు పొరుగుననే యున్న లింగంపల్లి స్టేషను నుండి ఝార్ఖండులోని హటియాకు, సుమారు 1,200 మంది శ్రామికులతో ఒక రైలు కదలెను. లాక్‌డౌను వేళ వలస కూలీల కొరకు దేశమున నడచిన తొలి ప్రత్యేక రైలు అదియే.

ఆ రైలును గూర్చి అందరును వ్రాసిరి. నా మనస్సును తొలుచునది దానికి ముందరి ఐదు వారములు. సైబరాబాదు పరిధిలో ఎన్ని లేబరు క్యాంపులు గలవు, ఒక్కొక్క దానిలో ఎందరు, వారికి మరుగుదొడ్లు ఎన్ని, ఒకనికి జ్వరము వచ్చినచో వేరుగ పడుకొనుటకు చోటు గలదా, వారి భాషలో మాటాడగల కార్యకర్త ఎవరు అని ఫిబ్రవరి నెలలో అడిగియుండినచో, సమాధానము చెప్పగల పుస్తకము ఏ కార్యాలయమునను దొరకియుండెడిది కాదు. మార్చి చివరి వారమున ఆ లెక్కలను పోలీసులు, రెవెన్యూ ఉద్యోగులు, స్వచ్ఛంద సేవకులు హడావిడిగ, అన్నపు పొట్లములు పంచుచు పంచుచునే సేకరింపవలసివచ్చెను. వారి శ్రమకు వందనము. కాని అది వారి విద్య కాదు. ఆ పుస్తకము ప్రజారోగ్య విద్యాలయపు విద్యార్థుల చేతులలో, మహమ్మారి ఊసే లేని సంవత్సరములలో, దోమల గూర్చియు టీకాల గూర్చియు తిరుగుచు తిరుగుచు తయారు కావలసియుండెను.

ముందుగ చూచుకొనినచో ఎట్లుండునో తెలియుటకు మన నగరములోనే మంచి నిదర్శనము గలదు. 2016 జూనులో అంబరుపేట మురుగునీటి నమూనాలో టీకా నుండి పుట్టిన రెండవ రకపు పోలియో వైరస్ కనబడెను. ఒక్క బిడ్డకైనను చచ్చుతనము రాలేదు. జబ్బు కనబడకముందే నీరు చెప్పినది. భారతదేశమున చివరి సహజ పోలియో కేసు 2011 జనవరిలో వచ్చినదైనను, పోలియో పోయినదని చెప్పి నమూనాలు తీయుట మానలేదు గనుకనే అది పట్టుబడెను. కొలది దినములలో హైదరాబాదు, రంగారెడ్డి జిల్లాలలోని సుమారు మూడు లక్షల మంది పిల్లలకు సూదిమందు ఇచ్చుటకు ఏర్పాటు జరిగెను. ఆ జయమునకు పండుగ చేసికొన్నవారు లేరు. రోగము రాకపోవుట వార్త కాదు గదా.

2020లో అదే మురుగునీటిని మరియొక రీతిగ చదివినవారు హబ్సిగూడలోని కణ, అణు జీవశాస్త్ర కేంద్రము (సి.సి.ఎం.బి.), భారత రసాయన సాంకేతిక సంస్థ (ఐ.ఐ.సి.టి.) శాస్త్రజ్ఞులు. నగరపు మురుగునీటి శుద్ధికేంద్రముల ప్రవేశద్వారమున, శుద్ధి కాకముందరి నీటిని సీసాలలో పట్టి, అందలి వైరస్ జన్యుపదార్థమును కొలిచి, సోకినవాని మలమున ఎంత వైరస్ ఎన్ని దినములు విసర్జితమగునో యను ఊహతో భాగించి, సుమారు ముప్పదియైదు దినముల కాలావధిలో నగరమున ఆరు లక్షలకు పైబడి జనులకు వైరస్ సోకియుండునని ఆగస్టులో ప్రకటించిరి. ఆ దినములలో ప్రభుత్వపు రోజువారీ ప్రకటనలోని సంఖ్యలకును దీనికిని పొత్తు లేదు. పరీక్షలు చాలుట లేదని హైకోర్టు పలుమారులు మందలించిన కాలమది. కోర్టు అడుగుచున్న ప్రశ్నకు మురుగునీరు మౌనముగ సమాధానము చెప్పెను. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ వారు జనగాము, కామారెడ్డి, నల్లగొండ జిల్లాలలో జరిపిన రక్తపరీక్షలు గూడ ఇట్టి వెలుగునే ప్రసాదించెను: 2020 మేలో నూటికి ఒక్కరికైనను లేని ప్రతిరక్షకములు ఆ డిసెంబరు నాటికి సుమారు నాలుగవ వంతు జనులకును, 2021 జూను నాటికి నూటికి అరువది మందికిని ఏర్పడియుండెను. మొదటి సంఖ్య యెంత విలువైనదో గమనింపుడు. అది లేనిచో తరువాతి సంఖ్యలు ఎచటి నుండి ఎచటికి పెరిగెనో చెప్పజాలవు.

ఇచట నేనొక హెచ్చరిక చేయక తప్పదు. మురుగునీటి లెక్క మురుగుకాలువ గల ఇంటినే చూచును. మణికొండవంటి శివారులలో పెద్ద అపార్టుమెంటు సముదాయములకు సొంత శుద్ధి యంత్రములు గలవు. చిన్న కాలనీలలో అనేక గృహములకు ఏండ్ల తరబడి సెప్టిక్ ట్యాంకులే దిక్కు, ట్యాంకరు వచ్చి తోడుకొనిపోవును. లేబరు షెడ్లకు అదియును లేదు. అంబరుపేట సీసాలో వీరెవరును లేరు. మహమ్మారి సమయమున పత్రికలలో వచ్చిన ఆరు లక్షల సంఖ్యను చూచి, "ఇందులో ఎవరు చేరలేదు?" అని అడుగు అలవాటు ఏ యంత్రమును నేర్పజాలదు. జన్యుశాస్త్రజ్ఞుడు వైరస్‌ను చదువును. ఆ చదువు ఎవరి విషయమున చెల్లును, ఎవరి విషయమున చెల్లదు అని నిర్ణయించువాడు ఎపిడెమియాలజిస్టు. ఉభయులును ఒక్క బల్లయొద్ద నిత్యము కూర్చుండని నగరమున ఎన్ని ప్రయోగశాలలున్నను చాలవు. శామీరుపేట జీనోము వ్యాలీలో టీకా తయారైన నగరము మనది. ఆ టీకాను ఒక దశలో ఫోనులో పేరు నమోదు చేసికొని పొందవలెనని నియమము పెట్టినపుడు, ఫోను లేనివారు ఎందరో చెప్పగలిగినవారు మన నడుమ కరవైరి.

అట్టివారిని తయారుచేయు విద్యాలయము మనకు లేదా యన్నచో, కలదు. 2006లో ప్రారంభమైన భారత ప్రజారోగ్య ప్రతిష్ఠానమునకు ప్రథమ అధ్యక్షుడు మన ఉస్మానియా వైద్యకళాశాలలో చదివిన డాక్టరు కె. శ్రీనాథరెడ్డిగారు. ఆ ప్రతిష్ఠానము క్రింద 2008లో హైదరాబాదున నెలకొన్న ప్రజారోగ్య సంస్థ కొంతకాలము మనకు దగ్గరనే, మాధాపురపు కావూరి హిల్సులో నడచెను. గచ్చిబౌలిలోని హైదరాబాదు విశ్వవిద్యాలయమునను ప్రజారోగ్య స్నాతకోత్తర విద్య కలదు. శ్రీనాథరెడ్డిగారు కరోనాపై ఏర్పడిన జాతీయ కార్యదళమున సభ్యులై యుండిరి. వైద్యులే గాక దంతవైద్యులు, నర్సులు, సాంఖ్యక శాస్త్రజ్ఞులు, సమాజశాస్త్రము చదివినవారు ఒక్క తరగతిలో కూర్చుండి నేర్చుకొనుట ఈ విద్యాలయముల విశిష్టత. లోపము విద్యాలయములలో లేదు, వాటి ద్వారమునకు వెలుపల నున్నది. ఇచట పట్టము పొందిన యువతి జిల్లా ఆరోగ్యాధికారి కార్యాలయమునకు బోయి "నాకు పని యిండు" అన్నచో, ఆమె చదువును కోరు ఉద్యోగము అచట దుర్లభము. ఆమె ఏదో స్వచ్ఛంద సంస్థలోనో, మూడేండ్ల ప్రాజెక్టులోనో, కడకు హైటెక్ సిటీలోని ఒక కంపెనీలో ఆరోగ్య సమాచారపు పట్టికలు దిద్దు పనిలోనో కుదురుకొనును. మహమ్మారి వచ్చినపుడు ఆమెను పిలుచుటకు ప్రభుత్వమునకు ఆమె చిరునామాయైనను తెలియదు.

ఆంధ్రమునకు పొరుగునున్న తమిళనాడు ఈ విషయమున మనకు గురుస్థానీయము. 1939 నాటి మదరాసు ప్రజారోగ్య చట్టము ఆంధ్ర ప్రాంతమునకును సంక్రమించినదే. కాని ప్రజారోగ్య శాఖను చికిత్సా శాఖ నుండి వేరుగ నిలిపి, దాని అధికారులకు ప్రజారోగ్య విద్యలో అర్హత ఉండవలెనను సంప్రదాయమును పోనీయక కాపాడుకొనినది తమిళులే. చికిత్సాలయపు కేకలు ఎప్పుడును బిగ్గరగ నుండును. రెండును ఒక్క గొడుగు క్రింద నున్నచో ధనము కేక వినబడు వైపే ప్రవహించును. 2017 జాతీయ ఆరోగ్య విధానము అన్ని రాష్ట్రములలో ప్రజారోగ్య ఉద్యోగ శ్రేణి ఏర్పడవలెనని చెప్పెను. 2022లో కేంద్రము మార్గదర్శకములు గూడ వెలువరించెను. నా మాట సూటిగ చెప్పెదను: ఆ శ్రేణి తెలుగు రాష్ట్రములు రెంటను పూర్తిగ నెలకొననంతవరకు, మనము ఎన్ని విద్యాలయములు తెరచినను, అవి పరరాష్ట్రములకును పరదేశములకును పట్టభద్రులను పంపు ద్వారములుగ మిగిలిపోవును.

ఉద్యోగము ఒకటి, క్షేత్రము మరియొకటి. కలకత్తా సంస్థ 1939లో హుగ్లీ జిల్లా సింగూరును తన శిక్షణ క్షేత్రముగ గైకొనెను. మంజీరపై మనకు నీళ్లిచ్చు సింగూరు కాదు, వంగదేశపు సింగూరు. అచట విద్యార్థులు జనన మరణములు వ్రాసికొనుచు, బావులు పరీక్షించుచు, ఆ ఊళ్లనే పాఠ్యగ్రంథముగ చదివిరి. వైద్యవిద్యార్థికి బోధనాసుపత్రి యెట్టిదో ప్రజారోగ్య విద్యార్థికి అట్టి ఊరు ఒకటి అవసరము. మణికొండను మన విద్యాలయములు అట్టి క్షేత్రముగ స్వీకరింపవలెనని నా కోరిక. దేశమున మరెచటను ఇంత చిన్న మేరలో ఇన్ని రకముల జీవనములు దొరకుట అరుదు: పాత ఊరి కుటుంబములు, అపార్టుమెంటు గృహస్థులు, హాస్టళ్ల యువకులు, షెడ్ల కూలీలు, ఇండ్లలో పనిచేయుటకు ప్రక్క బస్తీల నుండి తెల్లవారకముందే నడచివచ్చు స్త్రీలు. ఏడాదికి రెండు మారులు ప్రతి వార్డును విద్యార్థులు తిరిగి, కదలిపోవు జనులను గూడ కదలికతో సహా వ్రాసికొన్నచో, రేపు ఏ జ్వరము వచ్చినను ఎచట మొదలిడవలెనో ఈ ఊరికి తెలిసియుండును.

బోధన భాషను గూర్చి ఒక్క మాట. ఉస్మానియాలో వైద్యమును ఉర్దూలో బోధించిన నగరమిది. నేడు ప్రజారోగ్యము సంపూర్ణముగ ఇంగ్లీషులో బోధింపబడి, సర్వే ప్రశ్నావళులు ఆఖరి నిమిషమున తెలుగులోనికి త్రోయబడుచున్నవి. ఆశా కార్యకర్తకు అర్థము కాని ప్రశ్నకు ఇల్లాలు చెప్పిన సమాధానము మీద మన సంఖ్యలు నిలిచియున్నవి. తెలుగు, ఉర్దూ, హిందీలలో ప్రశ్నలు అడుగుట ఎట్లో, మృత్యువు సంభవించిన ఇంట ఎట్లు మాటాడవలెనో, వెలివేతకు భయపడి జబ్బు దాచువానిచేత ఎట్లు నిజము పలికింపవలెనో ఈ విద్యాలయములు పాఠముగ చెప్పవలెను. సంఖ్యాశాస్త్రమంత గౌరవము దానికిని దక్కవలెను.

2021 మేలో ప్రభుత్వము ఇంటింటి జ్వర సర్వే జరిపినపుడు, మందుల పొట్లములు సంచిలో వేసికొని, ఎండలో తిరిగిన ఆశా కార్యకర్తలను పెద్ద అపార్టుమెంట్ల ద్వారములయొద్ద నిలుపుట అనేకులు చూచిన విషయము. కాపలాదారు లోపలికి ఫోను చేయును. "మాకెవరికిని జ్వరము లేదు" అని పై అంతస్తు నుండి సమాధానము వచ్చును. ఆమె ఆ భవనమునకు సున్నా వేసికొని ముందునకు పోవును. ఆ సున్నా ఎవరి సున్నా? యజమానులది మాత్రమే. ఆ ద్వారము కావలి కాయువాని భార్యాబిడ్డలు సెల్లారులోని ఒక్క గదిలో, కార్ల నడుమ, గాలి ఆడని చోట కాపురముందురు. వారికి దగ్గు ఉన్నదా యని అడిగినవారు లేరు, ఏలయన సంఘపు పుస్తకమున ఫ్లాటు సంఖ్యలే గాని సెల్లారునకు పుట లేదు.

ఈ సభలో అనేక నివాస సంఘముల అధ్యక్షులు, కార్యదర్శులు ఉన్నారు. ఉద్యోగ శ్రేణి ప్రభుత్వము చేయవలసిన పని. శిక్షణ క్షేత్రము విద్యాలయములు చేయవలసిన పని. ఆ రెంటికిని కాలము పట్టును. మీ పుస్తకమున ఒక పుట చేర్చుటకు ఎవరి అనుమతియు అక్కరలేదు. కాపలాదారుని కుటుంబము, ఊడ్చు స్త్రీలు, డ్రైవర్లు, వంటవారు, వారి ఊరు, వారి భాష, వారి పిల్లలకు వేసిన టీకాలు వారి సమ్మతితో అందు వ్రాయుడు. ఆరు మాసములకొకమారు దిద్దుడు. వార్డు ఆశా కార్యకర్త వచ్చినపుడు ద్వారము తెరచి, కూర్చుండబెట్టి, మంచినీళ్లిచ్చి, ఆ పుటను ఆమె యెదుట పెట్టుడు. వచ్చే పోలియో ఆదివారము నాటికి ఈ పని ముగింపవచ్చును.